కేజీఎఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ చదువు

ప్రోగ్రామ్ రాయడం వేరు, సాఫ్ట్‌వేర్ తయారుచేయడం వేరు. ప్రోగ్రామ్‌ను ఒకరే రాయవచ్చు, రాసినవారే వాడుకోవచ్చు, పని తీరాక పక్కన పడేయవచ్చు. సాఫ్ట్‌వేర్ అలా కాదు. దాన్ని నలుగురు కలిసి తయారుచేస్తారు. వాడేది ఇంకెవరో. తయారుచేసినవాళ్లు ఉద్యోగాలు మారిపోయాక దాన్ని సరిదిద్దవలసింది మరెవరో. ఒకరినొకరు ఎరగని ఈ మనుషుల మధ్య పని చెడిపోకుండా నడవడానికి ఏర్పరచుకున్న పద్ధతులనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అంటారు. ఏం కావాలో అడిగి తెలుసుకోవడం, తెలుసుకున్నది రాసిపెట్టడం, నిర్మాణం ఎలా ఉండాలో ముందుగా గీసుకోవడం, కోడ్ రాయడం, పరీక్షించడం, అప్పగించడం, ఆ తర్వాత ఏళ్ల తరబడి దాని బాగోగులు చూడడం ఇవన్నీ అందులోకి వస్తాయి. కోడ్ రాయడం వీటిలో ఒకటి మాత్రమే.

ఈ పేరు జనంలోకి వచ్చింది 1968లో. ఆ ఏడాది అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్‌లో నాటో సైన్స్ కమిటీ ఒక సదస్సు పెట్టింది. యాభై మంది దాకా నిపుణులు కూర్చుని, పెద్ద పెద్ద ప్రోగ్రాములు చెప్పిన గడువుకు రావడం లేదని, అనుకున్న ఖర్చులో తేలడం లేదని, వచ్చినవి నమ్మకంగా పనిచేయడం లేదని మాట్లాడుకున్నారు. వంతెన కట్టేవారికి, యంత్రం చేసేవారికి ఉన్న క్రమశిక్షణ ఈ పనికీ కావాలన్నది ఆ పేరులోని ఉద్దేశం. అప్పుడది కోరిక మాత్రమే. అది కోర్సుగా, పాఠ్యపుస్తకంగా, పరీక్ష పేపరుగా మారడానికి మరికొన్నేళ్లు పట్టింది.

కోలారు జిల్లాకు ఈ చదువు వచ్చిన దారి కాస్త ప్రత్యేకమైంది. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌కు, అంటే కేజీఎఫ్‌కు, ఇంజనీరింగ్ కొత్త కాదు. 1880ల నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ గనులు తవ్వించింది. 1894లో బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారుపేట, నుంచి మారికుప్పం దాకా రైలు మార్గం పడింది. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తు దాదాపు 150 కిలోమీటర్ల తీగల మీదుగా నేరుగా ఈ గనులకే వచ్చింది. బెంగళూరుకు కరెంటు వచ్చింది ఆ తర్వాతే. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. ఆ లోతుకు కాస్మిక్ కిరణాలు దాదాపుగా చేరవు కనుక, 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను ఇక్కడే పట్టుకున్నారు.

తమిళనాడు ఉత్తర ఆర్కాడు నుంచి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన కూలీల కుటుంబాలతో రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, చాంపియన్ రీఫ్స్ నిండాయి. గనుల లైన్లలో తమిళం, చుట్టూ పల్లెల్లో తెలుగు, కచేరీల్లో కన్నడం, పైఅధికారుల దగ్గర ఇంగ్లీషు. ఇక్కడ పెరిగిన పిల్లలకు నాలుగు భాషలు చెవిన పడడం మామూలే.

ఈ గనులను చివర్లో నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ 2001 ఫిబ్రవరి 28న మూతబడింది. సరిగ్గా అదే నెల 11 నుంచి 13 దాకా అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో పదిహేడు మంది ప్రోగ్రామర్లు సమావేశమై, సాఫ్ట్‌వేర్ ఎలా తయారుచేయాలో చెప్పే అజైల్ ప్రకటన రాశారు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ తర్వాత కేజీఎఫ్ ఇళ్లలో పెరిగిన తరం బతుకుతెరువును గని మూత ఒక వైపు నుంచి, ఆ కాగితం మరో వైపు నుంచి మలిచాయి. నూరు కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు తెల్లవారుజామున మారికుప్పం నుంచి బయలుదేరే రైళ్లలో ఈనాడు వేలమంది వెళ్లివస్తున్నారు. వారిలో సాఫ్ట్‌వేర్ కంపెనీల ఉద్యోగులు, ఇంటర్న్‌షిప్ చేస్తున్న విద్యార్థులు కూడా ఉంటారు.

చదువుకోవడానికి మాత్రం ఊరు దాటనక్కరలేదు. గని ఇంకా నడుస్తున్న 1980ల్లోనే కేజీఎఫ్‌లోని ఊర్గాంలో గోల్డెన్ వ్యాలీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వెలిసింది. ఇప్పుడది డాక్టర్ టి. తిమ్మయ్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. కోలారులో సి. బైరేగౌడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. ఇవి బెళగావి కేంద్రంగా 1998లో ఏర్పడిన విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానికి, అంటే వీటీయూకి, అనుబంధ కళాశాలలు. విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారో ఆ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి 2007 దాకా కోలారు జిల్లాలోదే. ఇప్పుడది చిక్కబళ్లాపురం జిల్లా.

వీటీయూలో పాఠ్యాంశాలు బెళగావిలో నిర్ణయమవుతాయి. స్వయంప్రతిపత్తి లేని కళాశాలైతే కేజీఎఫ్‌లో చదివినా, మంగళూరులో చదివినా, కలబురగిలో చదివినా సిలబస్ ఒకటే, చివరి పరీక్ష పేపరు ఒకటే. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పేపరు ఈ మధ్యకాలంలో మూడు చోట్లకు మారింది. 2018 పాఠ్య పథకంలో అది మూడో సెమిస్టర్‌లో ఉండేది. 2021 పథకంలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌ను కూడా కలుపుకొని ఆరో సెమిస్టర్‌కు వెళ్లింది. 2022 పథకంలో అయిదో సెమిస్టర్‌లో నిలిచింది. చూడడానికి ఇది చిన్న సర్దుబాటే. నిజానికి ఈ చదువులోని అసలు చిక్కు ఇందులోనే ఉంది. మూడో సెమిస్టర్ విద్యార్థి అప్పటికి రాసిన పెద్ద ప్రోగ్రామ్ ఒకటి రెండు వందల పంక్తులు దాటదు. అది ఎవరి సాయమూ లేకుండా పూర్తవుతుంది. అవసరాల పత్రం, మార్పుల నియంత్రణ, సమీక్షా సమావేశం ఇవన్నీ ఏ రోగానికి మందులో ఆ రోగం అతనికి ఇంకా రాలేదు. కనుక బట్టీ పడతాడు. ఆరో సెమిస్టర్‌కు తోస్తే రోగం ముదిరిపోతుంది. అప్పటికి చెడు అలవాట్లు కుదురుకుంటాయి. అయిదో సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్టు పక్కనే ఈ పేపరు ఉండడం వాటన్నిటికన్నా మేలు.

తరగతి గదిలో మొదట వచ్చేది వాటర్‌ఫాల్ మోడల్. అవసరాలు, రూపకల్పన, కోడింగ్, పరీక్ష, నిర్వహణ. ఒకటి ముగిశాక ఒకటి, వెనక్కి తిరగడం లేదు. దీనికి మూలంగా 1970లో విన్‌స్టన్ రాయిస్ రాసిన పత్రాన్ని చెబుతారు. అంతరిక్ష నౌకల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసిన రాయిస్ ఆ పత్రంలో ఈ మెట్ల బొమ్మ గీసింది నిజమే. గీసిన వెంటనే, ఇలాగే చేస్తే ప్రమాదమని, పరీక్ష చివర్లో బయటపడే దోషం మొదటి మెట్టు దాకా లాక్కుపోతుందని ఆయనే హెచ్చరించాడు. ముందొకసారి చిన్నగా చేసి చూసి, రెండోసారి అసలుది చేయమన్నాడు. వాడేవారిని మొదటినుంచీ పనిలో కలుపుకొమ్మన్నాడు. వాటర్‌ఫాల్ అన్న పేరు ఆయన పెట్టింది కాదు. బొమ్మ మాత్రమే పాఠ్యపుస్తకాలకు ఎక్కింది, హెచ్చరిక పత్రంలోనే ఉండిపోయింది. పరీక్షలో ఆ బొమ్మ గీస్తే మార్కులు వస్తాయి కనుక అది ఇంకా చాలాకాలం బతుకుతుంది.

దాని తర్వాత వచ్చే నమూనాలు ఈ లోపాన్ని ఒక్కో వైపు నుంచి సరిచేయడానికి పుట్టినవే. బారీ బోమ్ 1980ల్లో చెప్పిన స్పైరల్ మోడల్‌లో ప్రతి చుట్టులోనూ ముందు అడిగే ప్రశ్న, ఎక్కడ దెబ్బ తినే అవకాశం ఎక్కువ అన్నది. వీ మోడల్‌లో ప్రతి రూపకల్పన దశకూ ఎదురుగా ఒక పరీక్ష దశ ఉంటుంది. యంత్రాల్లో ఇమిడిపోయే సాఫ్ట్‌వేర్‌కు ఇదే నేటికీ సరిపడే పద్ధతి. కేజీఎఫ్‌లోనే బీఈఎంఎల్ కర్మాగారంలో డోజర్లు, ఎక్స్‌కవేటర్లు తయారవుతాయి. అలాంటి యంత్రంలో బ్రేకుకు, హైడ్రాలిక్స్‌కు సంబంధించిన నియంత్రణను వచ్చే నెల సరిచేద్దాం అని వదిలేయడం కుదరదు. ఫోన్ యాప్‌కు మాత్రం అదే ధోరణి చెల్లుతుంది. ఏ పద్ధతి గొప్పది అన్న ప్రశ్నకు ఏ పనికి అన్న ఎదురు ప్రశ్న వేయడం నేర్పితే ఈ అధ్యాయం నేర్పవలసింది నేర్పినట్టే.

ఇక అవసరాల సేకరణ. సిలబస్‌లో ఇది ఒక మాడ్యూల్‌లో భాగం. ఆచరణలో ప్రాజెక్టులు నిలిచేదీ కూలేదీ ఇక్కడే. కోలారు జిల్లాకు ఈ పాఠం నేర్వడానికి మంచి వనరు చేతికందే దూరంలోనే ఉంది. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో కోలారు ఏపీఎంసీ యార్డు ఒకటి. అక్కడ ఒక మండీకి లెక్కల సాఫ్ట్‌వేర్ చేయాలని నలుగురు విద్యార్థులు బయలుదేరారనుకోవాలి. వేలం ముగిశాక, కాస్త తీరిక దొరికినప్పుడు మండీ యజమాని చెప్పే మాట ఇలా ఉంటుంది: ‘రైతుకు చీటీ ఇయ్యాల నాయనా, సాయంత్రానికి లెక్క తేలాల, అంతే. సులువుగా ఉండాల.’ విద్యార్థులు తలూపి, ఇంటికొచ్చి, యూజర్ ఫ్రెండ్లీ సిస్టమ్ అని ఇంగ్లీషులో రాసుకుంటారు. పని అప్పుడే సగం చెడింది.

ఎందుకంటే ఆ ఒక్క మాటలో పదిహేను ప్రశ్నలున్నాయి. కోలారులో టమాటా బాక్సు 15 కిలోలు. అన్ని మార్కెట్లలో అలా కాదు. మరి ధర బాక్సుకా, కిలోకా? ఒకే రైతు సరుకు మూడు రకాలుగా విడగొట్టి మూడు ధరలకు అమ్ముడైతే చీటీ ఒకటా, మూడా? కమిషన్ ఎవరి దగ్గర పట్టుకుంటారు, హమాలీ ఎవరి ఖాతాలో పడుతుంది? రైతు నిరుడు తీసుకున్న అడ్వాన్సు ఈ రోజు లెక్కలో కోసుకోవాలా, రైతును అడిగి కోసుకోవాలా? కొన్న వ్యాపారి సొమ్ము పది రోజుల తర్వాత ఇస్తాడు. రైతుకు మాత్రం సాయంత్రానికి ఇవ్వాలి. మధ్యలో సొమ్ము ఎవరిది? చీటీ రాశాక తప్పు తెలిస్తే దాన్ని కొట్టేయాలా, దాని మీద ఇంకో చీటీ రాయాలా? యజమానికి ఇవన్నీ తెలుసు. ఎంత బాగా తెలుసంటే, చెప్పవలసిన సంగతులని కూడా ఆయనకు తోచదు. అడిగి రాబట్టడమే విద్య. గుమాస్తా పక్కన ఒక పూట ఊరికే కూర్చుని ఆయన ఏం రాస్తున్నాడో, ఎక్కడ కొట్టివేస్తున్నాడో, ఏ కాగితం జేబులో పెట్టుకుంటున్నాడో చూస్తే ఇంటర్వ్యూలో బయటికి రానివి బయటికి వస్తాయి. దీనికీ పాఠ్యపుస్తకంలో గంభీరమైన పేరే ఉంది, కానీ ఒక పూట కూర్చునే విద్యార్థులు అరుదు.

భాష సంగతి కూడా ఇక్కడే వస్తుంది. శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు రైతు తెలుగులో చెబుతాడు. యార్డు కాగితాలు కన్నడంలో ఉంటాయి. అవసరాల పత్రం ఇంగ్లీషులో రాయాలి. చెప్పినది మూడు చేతులు మారి కాగితానికి చేరేసరికి ‘వీలైతే’ అన్నది ‘తప్పనిసరి’గా మారుతుంది, ‘మామూలుగా’ అన్నది రాలిపోతుంది. రాలిపోయిన ఆ మామూలుగాలోనే మినహాయింపులన్నీ ఉంటాయి. పత్రం రాశాక దాన్ని తిరిగి యజమానికి ఆయన భాషలో చదివి వినిపించి, ఇదేనా మీరన్నది అని అడగడం ఖర్చులేని పని. నాలుగు భాషల మధ్య పెరిగిన కేజీఎఫ్ విద్యార్థికి ఈ విషయంలో బెంగళూరు కంపెనీలో చాలామందికి లేని అనుకూలత ఉంది. దానికి మార్కులు వేసే ఏర్పాటు మాత్రం లేదు.

రైతుల పేర్లు మరో మెలిక. రామప్ప అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక గుమాస్తా ఒక రకంగా, ఇంకొకరు ఇంకో రకంగా కొడతారు. ఒకే మనిషికి రెండు ఖాతాలు పడతాయి, అడ్వాన్సు ఒక ఖాతాలో, అమ్మకం ఇంకో ఖాతాలో ఉంటాయి. అటువైపు ఒకే ఊళ్లో ముగ్గురు రామప్పలుంటే ముగ్గురి సరుకూ ఒకే ఖాతాలో పడుతుంది. పేరుతో మనిషిని గుర్తించకూడదని డేటాబేస్ పాఠంలో చెబుతారు. ఆ మాట ఎందుకన్నారో అర్థమయ్యేది మండీలోనే.

రూపకల్పన గురించి ఇంత చెప్పనక్కరలేదు. రూపకల్పనను చూపే యూఎంఎల్ బొమ్మలు 1997లో ప్రమాణంగా కుదిరాయి. వీటీయూ విద్యార్థి వాటిని గీయడంలో దిట్ట. గీసిన బొమ్మకూ రాసిన కోడ్‌కూ పొంతన ఉందా అని అడిగేవారు తక్కువ. ఒక బొమ్మ తప్పని తేలి మళ్లీ గీసుకున్న జట్టుకు, మొదటి సారే అందంగా గీసిన జట్టు కన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది.

పరీక్షించడం మీద సిలబస్ బాగానే ఉంది. అందులో హద్దుల పరీక్ష అన్న పద్ధతి ఒకటుంది. తప్పులు మధ్యలో కన్నా అంచుల్లో ఎక్కువగా దాక్కుంటాయి కనుక, అంచుకు ఇవతల, అంచు మీద, అంచుకు అవతల విలువలు వేసి చూడాలంటుంది ఈ పద్ధతి. పుస్తకంలో దీనికి విద్యార్థి వయసు, నెలలో తేదీ వంటి ఉదాహరణలుంటాయి. మండీ ఉదాహరణ ఇంకా సూటిగా చెబుతుంది. చీటీలో మొత్తం సొమ్మును డేటాబేస్‌లో స్మాల్‌ఇంట్ అనే చిన్న గడిలో దాచారనుకోవాలి. అది 16 బిట్ల గడి. అందులో పట్టే పెద్ద సంఖ్య 32,767. బాక్సు 300 రూపాయలున్న రోజు వంద బాక్సులు అమ్మిన రైతుకు 30,000 వస్తాయి. గడిలో హాయిగా పడుతుంది. నెలల తరబడి అంతా సవ్యంగా సాగుతుంది. 2023 జూలైలో కోలారులో 15 కిలోల బాక్సు ధర 2,000 రూపాయలు దాటింది. ఆ ధరకు పదహారు బాక్సులంటే 32,000, పడుతుంది. పదిహేడో బాక్సు చేరితే 34,000, పట్టదు. కొన్ని డేటాబేస్‌లు తప్పు అని చెప్పి ఆగిపోతాయి. కొన్ని అమరికల్లో మాత్రం ఏ కేకా పెట్టకుండా 32,767 అని రాసుకుంటాయి. రైతు జీవితంలో మంచి ధర వచ్చిన ఆ ఒక్క నెలలోనే సాఫ్ట్‌వేర్ అతని సొమ్ము మింగుతుంది.

ఇది కట్టుకథలా అనిపించవచ్చు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానా నుంచి ఎగిరిన అరియాన్ 5 రాకెట్ నలభై సెకన్లయినా గడవకముందే పేలిపోవడానికి కారణం ఇదే జాతికి చెందిన తప్పు. 64 బిట్ల సంఖ్య ఒకదాన్ని 16 బిట్ల గడిలోకి మార్చబోతే పట్టలేదు. ఆ కోడ్ అరియాన్ 4లో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసిందే. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. పాత హద్దు ఎక్కడుందో రాసిపెట్టినవారూ, మళ్లీ పరీక్షించినవారూ లేరు. ఒకచోట బాగా నడిచిన కోడ్‌ను మరోచోట వాడుకునేటప్పుడు దానితో పాటు దాని ఊహలు కూడా వస్తాయన్నది ఆ ప్రమాదం మీద వేసిన విచారణ సంఘం నివేదిక చదివినవారికి మరపురాదు. పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలుగా చదివినవారికి పెద్దగా పట్టదు. ఆ నివేదిక పొడవైనది కాదు. ఒక తరగతికి దాన్ని మొత్తంగా చదివించవచ్చు.

అంచనాలు, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పేపరులో రెండో భాగం. 1981లో బారీ బోమ్ ఇచ్చిన కోకోమో సూత్రంలో వేల పంక్తుల లెక్క వేస్తే మనిషి నెలల లెక్క వస్తుంది. విద్యార్థులు దీన్ని గణితం లెక్కలా చేస్తారు, జవాబు దశాంశాలతో సహా వస్తుంది. నలుగురి జట్టు, పదిహేను వారాల సెమిస్టర్ మీద ఈ సూత్రం చెప్పగలిగింది తక్కువ. ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో చెప్పిన సంగతి దానికన్నా బాగా అంటుతుంది: వెనకబడ్డ ప్రాజెక్టుకు మనుషులను చేరిస్తే అది ఇంకా వెనకబడుతుంది. కొత్తగా వచ్చినవారికి చెప్పుకోవడానికే ఉన్నవారి సమయం పోతుంది. చివరి రెండు వారాల్లో పక్క జట్టులోని నేర్పరిని సాయానికి పిలుచుకున్న ప్రతి జట్టుకూ ఈ సత్యం తెలిసే ఉంటుంది, అది బ్రూక్స్ చెప్పిందేనని తెలియకపోవచ్చు.

ప్రాజెక్టు అసలు పరీక్ష. ఇక్కడ జరిగే మోసం ఒకటి దాచాల్సినది కాదు. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు పెద్ద ఊళ్లలో చాలా ఉన్నాయి. కోడ్, రిపోర్టు, స్లైడ్లు అన్నీ కలిపి ఒక ధర. వాటిని కొన్నవారి సంగతి పక్కన పెడితే, సొంతంగా చేసినవారు కూడా రిపోర్టును చివరి వారంలోనే రాస్తారు. కోడ్ అయ్యాక అవసరాల పత్రం, పరీక్షలయ్యాక పరీక్షల ప్రణాళిక. దీన్ని పూర్తిగా తప్పు పట్టడానికి లేదు. డేవిడ్ పార్నాస్, పాల్ క్లెమెంట్స్ 1986లో రాసిన ఒక పత్రంలో ఇలాంటిదాన్నే సమర్థించారు. ఎంత గొప్ప జట్టయినా నిజంగా వరుస క్రమంలో ఆలోచించదు. అయినా చివర్లో అంతా వరుసగా ఆలోచించినట్టు పత్రాలు రాసిపెట్టాలి, అది చదివేవారి కోసం అన్నారు. తేడా ఒక్కటే. వారు చెప్పిన పత్రంలో ఏ దారులు ప్రయత్నించి వదిలేశారో, ఎందుకు వదిలేశారో ఉంటుంది. విద్యార్థి రిపోర్టులో అది కనపడదు. వదిలేసినవి చెబితే మార్కులు పోతాయేమోనన్న భయం.

దీనికి మందు కొంతవరకు గిట్. 2005లో లీనక్స్ కెర్నెల్ కోసం లినస్ టోర్వాల్డ్స్ రాసిన ఈ పనిముట్టు ప్రతి మార్పునూ, చేసినవారి పేరుతో, తేదీతో, ఎందుకు చేశారన్న చిన్న సందేశంతో దాచుతుంది. జట్టులో నలుగురి పేర్లు రిపోర్టు అట్ట మీద ఉన్నా, పని ఇద్దరే చేశారా అన్నది గిట్ చరిత్రలో తెలిసిపోతుంది. చివరి రాత్రి ఒక్కసారే కోడంతా వచ్చి పడితే అదీ తెలుస్తుంది. మార్కులు వేసే అధ్యాపకులు ముద్రించిన రిపోర్టు కన్నా ముందు ఈ చరిత్ర తెరిస్తే సగం మాటలు అడగనక్కరలేదు.

ఆ చిన్న సందేశాలు రాయడం మీద ఎవరూ పాఠం చెప్పరు. ‘మార్చాను’, ‘సరిచేశాను’, ‘ఫైనల్’, ‘ఫైనల్ రెండు’ అని రాస్తారు. కేజీఎఫ్‌లో ఈ విషయం చెప్పడానికి పాత గని పద్ధతే సరైన పోలిక. ధాతు గనుల నిబంధనలు, 1961, ప్రకారం ప్రతి షిఫ్టులోనూ మైనింగ్ మేట్ తన పరిధిలోని చోట్లు తనిఖీ చేసి, చూసింది పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. పైకప్పు ఎక్కడ వదులుగా ఉంది, ఎక్కడ దన్ను పెట్టారు, పేలని మందు ఎక్కడైనా మిగిలిందా. తర్వాతి షిఫ్టువారు పనిలోకి దిగేది దాన్ని నమ్ముకొని. రాతి పేలుళ్లకు పేరుపడ్డ చాంపియన్ రీఫ్స్ గనిలో అంతా బాగుంది అని రాసి ఊరుకునే మేట్‌ను ఎవరూ మెచ్చరు. ఆ పుస్తకాలు రాసినవారి మనవలు ఇప్పుడు ఊర్గాంలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నారు.

పరిశ్రమ వైపు నుంచి వచ్చిన పద్ధతులు రెండు తరాలుగా కనిపిస్తాయి. మొదటిది కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్, సీఎంఎం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వాట్స్ హంఫ్రీ ఆలోచనల నుంచి పుట్టింది. సంస్థ పని తీరును అయిదు మెట్లుగా కొలుస్తుంది. అమెరికా రక్షణ శాఖ కోసం పుట్టిన ఈ కొలబద్దను బెంగళూరు కంపెనీలు 1990ల్లో పోటీపడి అందుకున్నాయి. దూరదేశపు కొనుగోలుదారుకు, మీరు చూడలేని చోట మా పని క్రమంగానే జరుగుతోందని నిరూపించుకోవలసిన అవసరం వాటికి ఉంది. అప్పట్లో ఇన్ఫోసిస్‌లో పనిచేసిన పంకజ్ జలోటే ఆ అనుభవాన్ని 1999లో పుస్తకంగా రాశారు. ఆయన రాసిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకం భారతీయ కళాశాలల్లో చాలాకాలంగా ఉంది. రెండోది అజైల్. పత్రాల కన్నా నడిచే సాఫ్ట్‌వేర్‌కు, ఒప్పందం కన్నా వాడేవారితో కలిసి పనిచేయడానికి ఎక్కువ విలువ ఇచ్చింది. స్క్రమ్ దాని బాగా తెలిసిన రూపం: రెండు మూడు వారాల స్ప్రింట్, రోజూ పది పదిహేను నిమిషాల నిలువు సమావేశం, చివర చూపించదగ్గ ముక్క.

సెమిస్టర్‌కూ స్ప్రింట్‌కూ పొసగదు. సెమిస్టర్‌లో రెండు మూడు అంతర్గత పరీక్షలు, ల్యాబ్ రికార్డులు, సెలవులు వస్తాయి. రోజూ కలిసి పనిచేసే జట్టు ఉండదు. పైగా అజైల్‌కు ప్రాణం వాడేవారు ఎదురుగా ఉండడం. కళాశాల ప్రాజెక్టుల్లో వాడేవారి స్థానంలో గైడ్ కూర్చుంటారు. గైడ్‌కు టమాటా అమ్మవలసిన అవసరం లేదు కనుక చూపించిన తెర బాగుంటే చాలు. మండీ యజమానికో, పాల సహకార సంఘం కార్యదర్శికో, పట్టుగూళ్ల మార్కెట్ వ్యాపారికో మూడు వారాలకోసారి చూపించే జట్టుకు మాత్రం స్క్రమ్ అంటే ఏమిటో పుస్తకం లేకుండానే తెలుస్తుంది. పట్టు, పాలు, బంగారం అని పేరున్న జిల్లాలో అలాంటి వాడుకరులకు కొదవ లేదు. బంగారం పోయినా మిగతా రెండూ ఉన్నాయి.

మార్కుల లెక్క చెబితే, 2022 పథకంలో తరగతి మూల్యాంకనానికి 50, సెమిస్టర్ చివరి పరీక్షకు 50. భారతదేశం 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందాక, నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ గుర్తింపు కోరే ప్రతి విభాగమూ విద్యార్థి ఏం చేయగలడో చూపించాలి. ఏం బోధించామో చెబితే చాలదు. దీనివల్ల పట్టికలు పెరిగాయి. జట్టుగా పనిచేయడం, స్పష్టంగా రాయడం, ప్రాజెక్టును నడపడం అన్నవి ఆ పట్టికల్లో ఉన్నాయి. వాటిని మూడు గంటల రాత పరీక్షలో కొలవడం కష్టం. తరగతి మూల్యాంకనంలోని 50 మార్కుల్లోనే వాటికి చోటుంది.

చివరి దశ నిర్వహణ. సిలబస్‌లో దీనికి దక్కేది అతి తక్కువ, సాఫ్ట్‌వేర్ జీవితంలో మాత్రం అన్నిటికన్నా పొడవైన భాగం. వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ మారుతూ ఉండాలని, మారకపోతే రోజురోజుకీ పనికిరాకుండా పోతుందని మీర్ లేమన్ 1970ల్లోనే సూత్రీకరించాడు. 1980లో లియెంజ్, స్వాన్సన్ ప్రచురించిన సర్వేలో, నిర్వహణ శ్రమలో ఎక్కువ భాగం తప్పులు దిద్దడానికి కాదు, కొత్తగా పుట్టిన అవసరాలను తీర్చడానికే పోతోందని తేలింది. మండీలో రేపు కమిషన్ నిబంధన మారుతుంది, చెల్లింపులు ఫోన్‌లోకి మారతాయి. అప్పటికి ఆ నలుగురూ ఎనిమిదో సెమిస్టర్ దాటి బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు. యజమాని మళ్లీ చీటీ పుస్తకానికి వెళ్లిపోతాడు.

ఏటేటా కొత్త ప్రాజెక్టు కాకుండా, నిరుటి జట్టు వదిలి వెళ్లినదాన్ని ఈ ఏటి జట్టు అందుకునే ఏర్పాటు కొన్ని దేశాల విశ్వవిద్యాలయాల్లో ఉంది. వీటీయూ పథకంలోనూ దీనికి అడ్డేమీ లేదు. ప్రాజెక్టు కొత్తదే కావాలన్న పట్టుదల ఆచారం నుంచి వచ్చింది. అలా అందుకున్న జట్టు మొదటి వారంలో ఒక్క పంక్తి కూడా రాయలేకపోతుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ ఎక్కడుందో, ఏ లైబ్రరీ ఏ వెర్షన్ కావాలో, సొమ్ము గడి ఎందుకు అంత చిన్నదిగా పెట్టారో వెతుక్కోవడంలోనే అది గడిచిపోతుంది. వెళ్లిపోయిన జట్టు ఏం రాసిపెట్టి ఉండాల్సిందో ఆ వెతుకులాటలో జాబితాగా తయారవుతుంది. ఆ జాబితాయే ఆ ఏడాది వారు తమ తర్వాతివారికి రాసే అప్పగింత పత్రానికి మొదటి ప్రతి అవుతుంది.